జిగురు అయిపోయింది

కుర్చీలకూ సోఫాలకూ గుడ్డలు మార్చే ఆ కొట్లో ముప్పై ఏళ్లుగా ఒకటే పద్ధతి. ఏ పని ఎందాకా వచ్చిందో తెలియాలంటే బాబాయినడగాలి. కొట్టు యజమాని అయిన ఆయన అన్నగారు మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టున ఉండిపోయాక, కొట్టు చూసుకోవడానికొచ్చిన అన్నకూతురు ఆ పద్ధతి కాస్తా మార్చేసింది. గోడకి ఒక తెర బిగించి అందులో మూడు గడులు పెట్టింది: ‘చేయాలి’, ‘చేస్తున్నాం’, ‘అయిపోయింది’. పనికో కార్డు. పని ముందుకు జరిగితే కార్డుని వేలితో పక్క గడిలోకి లాగాలి. అదే బోర్డు అందరి ఫోన్లలోనూ కనిపిస్తుంది.

“ఇక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు బాబాయ్,” అంది.

“అయితే మాట్లాడుకోవడం మానేద్దామా మేనేజరుగారూ?” అన్నాడాయన.

బాబాయి నోట్లో ఎప్పుడూ పది మేకులుంటాయి. ఒక చేత్తో గుడ్డ బిగించి ఇంకో చేత్తో సుత్తి ఆడించే మనిషికి నోరే మూడో చెయ్యి. కోపమొస్తే పని లేకపోయినా మేకులు నోట్లో పోసుకుంటాడు. మొదటి వారమంతా అలాగే గడిపాడు, బోర్డు వంక కన్నెత్తి చూడలేదు.

సోమవారం ఖర్మకాలి చూశాడు. ‘చేయాలి’ గడిలో, ‘జిగురు’కీ ‘కుట్టుమిషనుకి నూనె’కీ మధ్య ఇంకో కార్డు: ‘కొత్త మేస్త్రిని వెతకాలి’.

ముప్పై ఏళ్లుగా ఇక్కడ మేస్త్రిగా ఉన్న మనిషిని తీసుకెళ్లి నూనె చుక్క పక్కన కూర్చోబెట్టింది! బోర్డు అందరికీ కనిపిస్తుందని చెప్పిన పిల్లే ఆ మాట మరిచిపోయింది. తను ఈ కొట్లో ఉంటాడో ఊడతాడో ఇప్పుడా కార్డు చేతిలో ఉంది. అడగొచ్చు. అడిగితే అవునంటే? నోట్లో ఇంకో నాలుగు మేకులు పోసుకున్నాడు.

ఆ రోజు నుంచి బాబాయి బోర్డుకి పరమభక్తుడైపోయాడు. గుడ్డ కత్తిరిస్తే కార్డు జరిపాడు. సూదిలో దారం ఎక్కిస్తే జరిపాడు. టీ తాగొచ్చి దానికీ ఒక కార్డు రాసి జరిపాడు. ఇంత చురుకైనవాడుండగా కొత్తవాడెందుకని ఆ పిల్లకే తోచాలని ఆయన ఎత్తు. మంగళవారం జిగురు డబ్బా అడుగంటింది. వెంటనే ‘జిగురు’ కార్డుని పట్టి ‘అయిపోయింది’లోకి లాగి, తన చురుకుదనానికి తనే మురిసిపోయాడు.

బుధవారం నాలుగింటికి బండి వస్తుంది. బడి నాటకశాలకి నలభై కుర్చీలు పంపాలి. పొద్దున్నకి ఎనిమిది మిగిలాయి.

“జిగురేది బాబాయ్?”

“అయిపోయిందిగా!”

“అది చూశాను. తెచ్చింది ఎక్కడ పెట్టావంటున్నా.”

“తేవడమేంటే? అయిపోయిందనేగా అందులో పెట్టాను! నిన్ననే!”

“అందులో పెడితే తెచ్చేసినట్టు బాబాయ్! ఆ పని అయిపోయినట్టు!”

“డబ్బాలో జిగురు అయిపోతే మరేమంటారే?”

ఒక్క మాట ఇద్దరినీ నట్టేట ముంచింది. జిగురు అమ్మే దుకాణానికి ఆ రోజు సెలవు. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తన కార్డు కదిలే ఘడియ వచ్చేసిందని బాబాయికి తెలుసు. కానీ ఈ పిల్ల ఏడుస్తుంటే చూడటం ఆయనకి పుట్టెడు కష్టం.

“ఊరుకో అమ్మడూ. జిగురు పుట్టకముందు జనమంతా నిలబడే ఉన్నారా? ఆ గుడ్డ పట్టుకో, గట్టిగా.”

ఆమె గుడ్డ పట్టింది, ఆయన మేకులు దించాడు. ఎనిమిది కుర్చీలకీ అంచు పొడవునా వేలెడు దూరానికో మేకు. గడియారం నాలుగు కొట్టేవేళకి చివరి కుర్చీ బండెక్కింది.

బండి వెళ్లాక ఆమె తెర ముందు నిలబడి, తెచ్చుకోవాల్సిన సరుకుల కోసం నాలుగో గడి గీసింది.

“దీనికేం పేరు పెట్టను? ‘లేవు’ అని రాయనా?”

“కొట్లో నిలబడి లేవు అనకూడదే. ‘నిండుకున్నాయి’ అని రాయి.”

రాసింది. రాస్తుండగా ‘కొత్త మేస్త్రి’ కార్డు మీద ఆమె చూపు పడింది. మెల్లిగా వెనక్కి తిరిగింది.

“ఇది... చూశావా?”

“సోమవారమే.”

“బోర్డు ముట్టుకోవట్లేదని కోపమొచ్చి రాశాను బాబాయ్. బుద్ధి గడ్డి తిని.” సిగ్గుతో గబగబా కార్డుని దొరికిన గడిలోకి తోసేసింది. అది ‘నిండుకున్నాయి’లో పడింది.

“అందులో పెడితే మళ్లీ తెస్తావు కదే!”

సిగ్గులోనే ఆమెకి నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. తీసెయ్యబోతే తెర అడిగింది: ‘తీసేస్తే మళ్లీ తిరిగి రాదు. తీసెయ్యమంటారా?’

“నువ్వే నొక్కు బాబాయ్.”

ఆయన వేలు తెరదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. “రాసింది నువ్వు. నువ్వే నొక్కు.”

నొక్కింది. బాబాయి మిగిలిన మేకులు డబ్బాలో పోసి, “రేపటి పనులేంటి మేనేజరూ?” అన్నాడు.

అన్నీ ఎదురుగా బోర్డులోనే ఉన్నాయి. అయినా ఆమె స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుని, ఒక్కొక్కటే నోటితో చెప్పింది.