ఆగడం తెలిసిన మగ్గం

ఉషకు మోటర్లు పుణ్యానికే వచ్చాయి. తిప్పలన్నీ వాటిని నడిపే డ్రైవర్ బోర్డుల దగ్గర మొదలయ్యాయి.

మోటర్లు ఇచ్చింది నవీన్. కట్టంగూర్ చుట్టుపక్కల పెళ్లిళ్లకు డ్రోన్ ఎగరేసి వీడియోలు తీస్తుంటాడు. ఒక డ్రోన్ కరెంటు తీగకు తగిలి కూలిపోతే, అందులో ప్రాణంతో మిగిలిన రెండు చిన్న బ్రష్‌లెస్ మోటర్లు తెచ్చి ఉష చేతిలో పెట్టాడు. వాటిని తిప్పే డ్రైవర్ బోర్డులు, ఈఎస్‌సీలంటారు, అగ్గిపెట్టె కంటే చిన్నవి, అవీ ఇచ్చాడు. ఇచ్చి ఊరుకుంటే నవీన్ ఎందుకవుతాడు?

"డ్రోన్‌నే ఆకాశంల నిలబెడ్తయివి. నీ కట్టెబొమ్మ చెయ్యి లేపయా?" అన్నాడు.

ఆ కట్టెబొమ్మ పద్మశాలి వాడ గణేష్ మండపం కోసం. చిన్న మగ్గం, దాని మీద కూర్చుని నేసే ఆడమనిషి. మండపంలో దేవుడి పక్క జాగా ఏటా తొండం ఊపే ఏనుగుది. దాన్ని హైదరాబాద్ నుంచి కిరాయికి తెప్పించేది సంఘం అధ్యక్షుడు వెంకటనర్సు, ఉషకు చిన్న తాత. ఈసారి ఆ జాగా నాకివ్వమని ఉష నిలబడి అడిగింది. నార్కట్‌పల్లిలో సెల్‌ఫోన్లు బాగుచేసుకునే పిల్లకు ఇదేం పోయేకాలమని సంఘమంతా నవ్వింది.

నవ్వనీ. ఉష అవ్వ లక్ష్మీనర్సమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి మగ్గం నేసింది. చీరలు మాత్రం మొదట మొగుడి పేరున, ఆయన పోయాక మరిది వెంకటనర్సు పేరున అంగడికి వెళ్లాయి. వాటికి ఆయన భుజాన శాలువాలు కూడా పడ్డాయి. ఈ మధ్య చేతులు వణికి ముసలామె మగ్గం దిగింది. ఇంకో నాలుగేళ్లు పోతే ఆమె నేసిందన్న మాటే ఎవరికీ గుర్తుండదు. అందుకే అవ్వ నేసినట్టే నేసే బొమ్మను దేవుడి పక్కన కూర్చోబెట్టాలనుకుంది. చూడనీ, వాడంతా కళ్లప్పగించి చూడనీ.

"బొమ్మకు మీసం పెట్టు బిడ్డా. మగ్గం మీద మొగోడుంటెనే అందం," అన్నాడు వెంకటనర్సు. "చెయ్యి జర ఊగితే సాలు. ఏనుగు తొండం ఊపుతలేదా?"

"ఏనుగు ఊపితే సాలు తాతా. గీమె నేయాలె. మీసం నీకున్నది గదా, సాలు."

మొదటి పరీక్ష ఇంట్లోనే, అవ్వ కళ్ల ముందే జరిగింది. ఒక మోటరు పేకదారం మోసే నాడెను పడుగులోంచి అటూ ఇటూ పంపాలి. రెండోది పలకను లాగి, పడిన పేకను కొట్టి బిగించాలి. ఈఎస్‌సీలు కూకూమని కూసి మేలుకున్నాయి. మెల్లగా కదలమంటే వాటికి ఆ మాటే కొత్త. కాసేపు గజగజ వణికి, ఒక్కసారి ఎగిరి లాగాయి. నాడె ఇంకా పడుగు నడుమనే ఉంది, పలక వచ్చి దాని నెత్తిన పడింది. నాడె మూతి పగిలింది. పట్టుపోగులు పటపటా తెగిపోయాయి.

లక్ష్మీనర్సమ్మకు ఒళ్లు మండింది. "నాడె దాటకముందే పలక గొడ్తరా ఎవలన్న? నువ్వు సాలోళ్ల ఇంట్లనే పుట్టినవా?"

తిట్టు సూటిగా తగిలింది. అవ్వ అన్నది అక్షరాలా నిజం. ఈఎస్‌సీకి మోటరును గిర్రున తిప్పడం ఒక్కటే తెలుసు. బొమ్మ చెయ్యి ఎక్కడ ఉందో దానికి తెలియదు. డ్రోన్ రెక్కకు ఆ లెక్క అక్కర్లేదు, తిరిగితే చాలు. మగ్గానికి అది కుదరదు.

"కాసేపు ఆగినంక కొట్టమని ప్రోగ్రామ్‌ల రాయి," అన్నాడు నవీన్.

"నాడె నడుమల ఇరుక్కుంటే? కాసేపు అయిపోయిందని కొడ్తది. మళ్ల పగుల్తది."

ఉష వేరే బోర్డులు తెప్పించింది. మోటరు ఇరుసు చివర చిన్న అయస్కాంతం అతికించి, దాని ఎదురుగా సెన్సర్ పెడితే, ఇరుసు ఎంత తిరిగిందో బోర్డుకు ప్రతి క్షణం తెలుస్తుంది. నత్తలా నడవమన్నా నడుస్తుంది, ఆగిన చోట బిగబట్టి నిలబడుతుంది. నాడె అవతలి అంచు తాకిందని తెలిసేదాకా పలకను వదలదు.

"బొమ్మ చేతికి గింత బోర్డా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం," అని నవీన్ పళ్లికిలించాడు. ఉష పట్టించుకోలేదు. తన పని తనది.

ఇంకొక్కటి మిగిలింది. మోటరు ఎంత బలంతో లాగాలో ఆ బోర్డులో ఫోన్ నుంచే ముందుగా హద్దు పెట్టొచ్చు. ఆ హద్దు పెట్టింది లక్ష్మీనర్సమ్మ. పడుగులో ఒక పోగును వణికే వేలితో లాగి, ఉష వేలును దాని మీద పెట్టించింది. "గింతనే. గింతకు మించితే తెగుతది." ఉష అక్కడికే హద్దు దింపింది. ఆ బలం దాటాల్సి వస్తే చెయ్యి ఆగిపోతుంది.

చవితి సాయంత్రం మండపం కిటకిటలాడింది. బొమ్మ నేయడం మొదలుపెట్టింది. నాడె మెల్లగా దాటింది, పలక వచ్చి ఠక్కున కొట్టింది. మళ్లీ నాడె, మళ్లీ పలక. చప్పుడు వింటూనే ముసలివాళ్లు మాటలు ఆపేశారు.

అంతలో ఎవరో దేవుడి మీదికి విసిరిన బంతిపూల దండ తెగి, దాని దారం పడుగులో పడింది. నాడెకు చుట్టుకుంది. బొమ్మ చెయ్యి నడుమనే ఆగిపోయింది.

ఒకరు కిసుక్కున నవ్వారు. ఇక నవ్వులకు కొదవేముంది? వెంకటనర్సు మైకు అందుకున్నాడు. "ఫికర్ చెయ్యకున్రి. నేను ముందే అనుకున్న. ఏనుగు బండి గా సందుల్నే ఉన్నది, పది నిమిషాలల్ల దించుతం."

నవీన్ ఉరికి వచ్చాడు. పాపం, ఈసారి వెక్కిరించడానికి కాదు. "ఉషా, ఫోన్ల పవర్ జర పెంచు. దారాన్ని గుంజుకొని పోతది. ఇజ్జత్ కాపాడుకో."

నిజమే, ఫోన్ చేతిలోనే ఉంది. ఒక్క వేలు పైకి జరిపితే చాలు. బొమ్మ కదులుతుంది, జనం చప్పట్లు కొడతారు, ఏనుగు బండి ఎక్కడిదక్కడే ఉంటుంది. పోయేది రెండు పోగులు. దూరం నుంచి చూసేవాళ్లకు అదీ తెలియదు.

కానీ అవి అవ్వ వేలు పెట్టి హద్దు చెప్పిన పోగులు. ఉష ఫోన్‌ను నడుముకు దోపుకుంది.

"పెంచ," అంది.

"ఏందీ?"

"పెంచనన్న. అది ఖరాబ్ కాలే, ఆగింది." ఆమె నవీన్‌ను దాటి, వెంకటనర్సు ముందుకు వెళ్లి నిలబడింది. "తాతా, పోగు చిక్కుపడ్డంక గుంజి నేస్తరా సాలోళ్లు?"

"గదేం మాట? ఆగి, తీసి, నేస్తం."

"నువ్వు అమ్మిన చీరలల్ల తెగిన పోగు ఎన్నడన్న వచ్చిందా?"

"రాలే," అన్నాడు వెంకటనర్సు. ఆ మాట అనేటప్పుడు ఛాతీ కొంచెం ముందుకొచ్చింది కూడా. "ఒక్కనాడు రాలే."

"మరి పోగు పోగుకు ఆగింది ఎవలు? గా చీరలు నేసిందెవలు?"

వెంకటనర్సు ఆగిన బొమ్మ చెయ్యి వైపు చూశాడు. తర్వాత గుంజకు ఆనుకుని నిలబడ్డ లక్ష్మీనర్సమ్మ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఉష కదల్లేదు.

"చెప్పు తాతా. చెప్పినంకనే ఏనుగును దించు."

ముసలాయన పెదవులు తడుపుకున్నాడు.

"మా వదిన," అన్నాడు.

మెల్లగానే అన్నాడు. కానీ మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.