మూడు రోజుల సూది

మొదటి కాన్పులో పాప పుట్టగానే నర్సు చెప్పింది, నాది నెగటివ్ రక్తం, పాపది పాజిటివ్, మూడు రోజుల్లోగా ఒక సూది వేయించుకోవాలని. ఆ రోజు మందు లేదు, రేపు రమ్మన్నారు. ఇంటికొచ్చాక మా అత్త ఆదిశేషమ్మ గడప దాటనివ్వలేదు.

"పురుటి నీళ్లు పోసుకోకుండా వీధిలోకి పోతావా? పదకొండో రోజు పోదువులే, సూది యాడికీ పోదు."

ఆమె నాకు మేనత్త కూడా. ఎదురు చెప్పలేక ఆగిపోయాను, సూది గడువు దాటిపోయింది.

రెండేళ్లకు మళ్లీ నెల తప్పాను. ఈసారి పరీక్షలో యాంటీబాడీలు బయటపడ్డాయి. నెల్లూరులో డాక్టరు సుప్రియగారు ఎనిమిదితో బడి మానేసిన నాకు కూడా తెలిసేలా చెప్పారు. "పాప రక్తం కాస్త నీలో కలిసింది. నీ ఒళ్లు దాన్ని పరాయిదనుకుని కాపలా పెట్టింది. ఆ కాపలా ఇప్పుడు కడుపులో బిడ్డ ఎర్రకణాల మీద పడతా ఉంది."

ఆనాటి నుంచి కడుపు మీద చెయ్యి తియ్యలేదు.

బాబు పుట్టిన పూటకే కళ్లు పచ్చబడ్డాయి. నీలం లైటు కింద పెట్టినా తగ్గలేదు. రక్తం మార్చాలన్నారు. లోపల వాడికి రక్తం మారుస్తుంటే, తలుపు బయట నా పక్కన కూర్చుని అత్త మెల్లగా అంది:

"మీ ఆయన తర్వాత నాకు ఇద్దరు పుట్టినారు మే. ఇద్దరూ ఇట్నే పచ్చంగా. ఎండలో పెట్టినాం. నిలబళ్లా. ఆఖరున వాణి ఒక్కటే దక్కింది."

సుప్రియగారికి ఆ మాట చెప్పాను. పరీక్ష చేయిస్తే అత్తదీ, ఎనిమిదో నెల కడుపుతో ఉన్న ఆడబిడ్డ వాణిదీ నెగటివే. "తనదీ నెగటివ్ కాబట్టే, మీ అత్త ఒంట్లో కాపలా తన మీద పడక, వాణి దక్కింది" అన్నారామె.

నాలుగో రోజు బాబు కాళ్లు తన్ని, లైటు పడకుండా కళ్లకు కట్టిన గుడ్డ పీకేసుకున్నాడు. "గండం గడిచింది, పాలు పట్టు" అన్నారు. వాడు తాగుతుంటే నాకు ఆకలి తెలిసింది, నాలుగు రోజుల తర్వాత.

నెలకు వాణి మా ఊరి దగ్గరి ఆస్పత్రిలో కనింది. బిడ్డది పాజిటివ్. మందు రేపొస్తుంది, ఇంటికెళ్లి రండి అన్నారు. అత్త వరండా మెట్టు మీద చాప పరిచింది.

"పురుడు ఈడ్నే. సూది పడేదాకా మెట్టు దిగేది లే."

"వదినను గడప దాటనీలేదు గదమ్మా నువ్వు?" వాణి నవ్వింది.

"అప్పుడు నాకు తెలీదు. నోరు మూసుకోని పండుకో."

తెల్లారి మందు వచ్చింది. వాణికి సూది వేస్తుంటే, నా ఒళ్లో బాబు పిడికిలి నోట్లో పెట్టుకుని చూస్తున్నాడు. అత్త వాడి కళ్లు వెలుతురుకు తిప్పి చూసింది. తెల్లగా, మల్లెమొగ్గల్లా ఉన్నాయి. అప్పుడు చాప చుట్టింది.