మింగుడు నేర్పిన తారామణి

దవాఖానా నుంచి కౌసల్యను ఇంటికి తెచ్చినప్పుడు ఆమె ముక్కులో పైపు ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది. అన్నిటికన్నా పెద్ద కష్టం, మింగడం రాదు. పాలైనా, మందైనా ఆ పైపులోనే పొయ్యాలి.

ఇంటికి పంపే ముందే దవాఖానాలో పెద్ద డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. "ఈ పైపు ఎక్కువ కాలం ఉంచకూడదు. మింగడం వస్తే తీసేద్దాం. రాకపోతే కడుపుకు చిన్న రంధ్రం చేసి అక్కడ పైపు పెడదాం. చాలామందికి పెడతాం, భయపడే పని లేదు."

కౌసల్య మంచం మీద నుంచి విన్నది. ఎడమ చేత్తో నా అంగీ గట్టిగా పట్టుకుంది. నాచారం ఫ్యాక్టరీల రోడ్డు మీద ఏళ్ల తరబడి మిర్చి బజ్జీల బండి నడిపిన మనిషి ఆమె. షిఫ్టు దిగినవాళ్లు ఇంటికి పోయే ముందు ఆమె బండి దగ్గర ఆగేవారు. పిండిలో వేలి కొస ముంచి నాలుకకు తాకించి, ఉప్పు చాలిందో లేదో చెప్పేది. అలాంటి మనిషికి, ఇక నీ నోరు తిండికి పనికిరాదు అంటే ఏం మిగులుతుంది? వద్దని తల అడ్డంగా ఊపింది. డాక్టరు వెళ్లిపోయినా ఊపుతూనే ఉంది.

మా కొడుకు నరేందర్ ఉప్పల్‌లో బస్సుల మెకానిక్కు. వాడే అడిగి తెలుసుకుని, ఇంటికొచ్చి చూసే నర్సును మాట్లాడాడు. పేరు తారామణి. నలభై దాటి ఉంటాయి. లాలాపేట నుంచి స్కూటీ మీద పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేది.

నేను లేత్ మిషను మీద పని చేసినవాణ్ణి. కొత్తవాడు వచ్చి మిషను ముందు నిలబడితే చాలు, వీడికి పని వస్తుందో రాదో చెప్పేవాణ్ణి. పని వచ్చిన చెయ్యి తొందరపడదు, తడబడదు. తారామణి చెయ్యి అటువంటిది. వచ్చీ రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. మంచం తల వైపు ఎత్తించింది. పైపు మీద ఉన్న గుర్తు జరిగిందా లేదా చూసింది. ఆ తర్వాత కౌసల్య ముఖంలోకి వంగి, "అమ్మా, నీ నోరు కడుగుత. జర తెరుస్తవా?" అని అడిగింది. మంచంలో ఉన్న మనిషిని అడిగి చెయ్యి వేసినవాళ్లను నేను అప్పటిదాకా చూడలేదు.

"తినేది లేదు గద, నోరెందుకు కడుగుడు?" అన్నాను.

"తినకున్నా ఉమ్మి ఊరతది గద బాపు. ఖరాబైన ఉమ్మి ఊపిరితిత్తుల్లకు దిగితే జరమొస్తది. నోరు సాఫుంటే సగం ఫికర్ తప్పినట్టే."

కొన్ని రోజులకు నోటితో పెట్టి చూడడానికి డాక్టరు ఒప్పుకున్నాడు. పైపు ఉంచే, నోటితో కొద్దికొద్దిగా గట్టిది మింగించి అలవాటు చెయ్యమన్నాడు. తారామణి నా చేత రాగి జావ కాయించింది. ఉండలు లేకుండా గుడ్డలో వడపోయించింది. చెంచాతో తీసి తిరగేసి చూసింది. బొట్లు బొట్లుగా కారితే పనికిరాదు. ముద్దగా జారిపడాలి.

"జబ్బు మనిషికి గింత గట్టిగనా?" అన్నాను.

"నీళ్లు ఉరుకుతయి బాపు. అమ్మ గొంతు ఇంక నిద్రమబ్బుల ఉన్నది. అది తలుపేసుకునే లోపల నీళ్లు పక్క తొవ్వ పట్టి ఊపిరితిత్తుల్లకు పోతయి. గట్టిది మెల్లగ నడుస్తది. గొంతుకు టైం దొరుకుతది."

ఇంత సులువుగా నాకు ఎవరూ చెప్పలేదు.

కౌసల్య మాత్రం చెంచా వైపు అనుమానంగా చూసింది.

"గడ్డం కిందికి దించమ్మా. ఇంక. మొగుడు తిడుతుంటే తలకాయ దించుకుంటవ్ సూడు, గట్ల."

"ఆయన... యాడ తిడ్తడు," అంది కౌసల్య ముద్ద మాటతో. "నోరే... లేవదు."

తారామణి పకపకా నవ్వింది. కౌసల్య సగం మూతి కూడా నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా చెంచా పెట్టలేదు. తర్వాత పెట్టింది. "మింగు. మల్లొక్కసారి మింగు. ఇప్పుడు 'ఆ' అను."

కౌసల్య 'ఆ' అంటే తారామణి కళ్లు మూసుకుని వినేది. మిషను లోపల బేరింగు ఎట్లా ఉందో మేము చప్పుడును బట్టి కనిపెట్టేవాళ్లం. ఈమె మనిషి గొంతును అట్లా వినేది. గొంతు తడి చప్పుడు లేకుండా పొడిగా పలికితేనే రెండో చెంచా. ఒక్కోరోజు ఒక్క చెంచాతోనే ఆపేసేది. "రేపు" అనేది అంతే. కౌసల్యకు కోపం వచ్చేది గాని, మరుసటి పొద్దున స్కూటీ చప్పుడు వినగానే తనంతట తానే గడ్డం దించి సిద్ధంగా ఉండేది.

మా పై అంతస్తులో ఛాయాదేవి గారు ఉంటారు. కాకినాడ వైపు మనిషి. కౌసల్యకు ఆమెకు ఎప్పటినుంచో స్నేహం. కూర లేని రోజు ఒకరి గిన్నె ఒకరి ఇంటికి దిగేది, ఎక్కేది. జబ్బు మనిషికి పల్చగా పెట్టాలని ఆమెకు తెలుసు. ఆ మాటకొస్తే మా అందరికీ తెలుసు. జ్వరం వస్తే మా అమ్మ గంజి తేట పోసేది. వాళ్ల వైపు చారు తేట పోస్తారట. ఏ వైపు వాళ్లమైనా ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

ఒకరోజు మధ్యాహ్నం నేను మందుల కోసం నాచారం చౌరస్తాకు పోయాను. కౌసల్య దగ్గర ఛాయాదేవి గారు కూర్చున్నారు. తిరిగి వచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది.

"పోశయ్యగారూ, శుభవార్తండీ! ఆ ముద్ద జావ చూస్తే నాకే గొంతు పట్టేసింది. పాపం ఎలా మింగుతుంది చెప్పండి? మజ్జిగ పోసి పల్చగా కలిపాను. గటగటా తాగేసింది. ఒక్క దగ్గు లేదు!"

కౌసల్య పెదవుల మీద మజ్జిగ తడి ఉంది. కళ్లలో కూడా తడి ఉంది. అన్నాళ్లకు నాలుకకు ఉప్పు, పులుపు తగిలాయి. నాకూ సంతోషమే అయింది. ఇక పైపు పోయినట్టే అనుకున్నాను.

సాయంత్రం తారామణి వచ్చింది. సంచి గోడకు తగిలిస్తూ, "అమ్మా, ఎట్లున్నవ్?" అంది.

"మంచిగున్న," అంది కౌసల్య.

సంచి తగిలించే చెయ్యి ఆగిపోయింది. "మల్లొక్కసారి అను."

"మంచిగున్న."

నాకు తేడా తెలియలేదు. ఆమె చెప్పిన తర్వాత విన్నాను. గొంతులో నీళ్ల చప్పుడు ఉంది, గుడగుడమని.

"ఏం తాగింది?"

ఛాయాదేవి గారు సంబరంగా చెప్పారు. తారామణి కేకలు వెయ్యలేదు, నుదురు కూడా చిట్లించలేదు. మాట వింటూనే కౌసల్యను నిటారుగా కూర్చోబెట్టి ముందుకు వంచింది. "దగ్గమ్మా. గట్టిగ. మిరపకాయల ఘాటు ముక్కుకెక్కినట్టు దగ్గు." నోట్లోకి వచ్చినదాన్ని చిన్న మిషనుతో లాగేసింది. ఊపిరి ఎంత అందుతోందో చూసే క్లిప్పు వేలికి పెట్టింది. వీపు మీద అక్కడక్కడా చెవి గొట్టం ఆనించి విన్నది. అప్పుడు డాక్టరుకు ఫోన్ చేసింది. ఏం తాగింది, ఎప్పుడు తాగింది, ఏ పక్క చప్పుడు వినిపిస్తోంది, ఇవే మాటలు. ఎవరు పోశారో చెప్పలేదు.

డాక్టరు గొంతు నాకూ వినిపించింది. మందు రాశాడు. నోటితో ఇచ్చేది ఆపెయ్యమన్నాడు. జ్వరం ముదిరితే చేర్చాలి, ఇలా మరోసారి జరిగితే ఇక ఆగేది లేదు, కడుపుకే పైపు అన్నాడు.

ఛాయాదేవి గారి ముఖం పాలిపోయింది. "దగ్గలేదుగా తారామణీ! దగ్గి ఉంటే ఆపేసేదాన్నిగా!"

"అదే అమ్మా, దీని మోసం. పక్షవాతం తగిలిన గొంతుకు తెలివి మందగిస్తది. దగ్గాలని దానికే తెల్వది."

ఛాయాదేవి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లెక్కి పోయారు. మళ్లీ దిగలేదు.

మరునాడు జ్వరం వచ్చింది. కౌసల్య నా వైపు చూడలేదు, గోడ వైపు చూసింది. ఇక కడుపుకే పైపు అనుకుంటోందని నాకు తెలుసు. తారామణి వేళకన్నా ముందు వచ్చేది, పోవలసిన వేళ దాటినా ఉండేది. పక్కకు తిప్పి, అరచెయ్యి గిన్నెలా చేసి వీపు మీద తట్టేది. డప్పు దరువులా లయగా ఉండేది ఆ తట్టడం. నాకూ నేర్పింది. "గట్ల గాదు బాపు, రొట్టె కొట్టినట్టు కొడుతున్నవ్. అరచేతుల గాలి ఉండాలె," అని నా చెయ్యి పట్టి వంచింది. నేను తట్టాను. కఫం కదిలింది. కొన్ని రోజులకు జ్వరం దిగింది, వీపులో చప్పుడు పోయింది. మళ్లీ జావ మొదలుపెట్టొచ్చని డాక్టరు చెప్పాడు. వచ్చే వారం ఎక్స్‌రే కింద మింగించి చూస్తాం, అప్పుడే తేలిపోతుంది అన్నాడు.

ఆ రోజు తారామణి అడిగింది. "మీది అంతస్తు అమ్మ కానొస్తలేదు?"

"సిగ్గుపడుతున్నది," అన్నాను.

ఆమె మెట్లెక్కి పోయింది. తలుపులు తెరిచే ఉన్నాయి, మాటలు కిందికి వినిపించాయి.

"నేను దిగను తారామణీ. నా చేత్తో నేనే చంపుకునేదాన్ని."

"అమ్మా, నేనుండేది పొద్దుగాల జరసేపు, పొద్దుమూకి జరసేపు. నడుమ కావలెవరు? బాపు ఎవల్నీ వద్దనడు, ఆయనకు నోరు లేదు. నీకున్నది."

"ఉందిలే. ఎగతాళి చెయ్యి."

"ఎగతాళి గాదమ్మా. ఐతారం సుట్టాలొస్తరంట. కొబ్బరి బోండాలు తెస్తరు, జూసులు తెస్తరు. అందరు నీ అసుంటి ప్రేమ ఉన్నోళ్లే. ఆ ప్రేమ ఎట్ల ముంచుతదో నీకెరుకైనంత ఇంకెవలకెరుక?"

కాసేపటికి మెట్ల మీద రెండు జతల చెప్పుల చప్పుడైంది.

ఆదివారం కాప్రా నుంచి కౌసల్య తమ్ముడు పరంధామయ్య వచ్చాడు, చేతిలో కొబ్బరి బోండాల గుత్తితో. గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఛాయాదేవి గారు కూర్చున్నారు.

"ఒక్క సుక్క గొంతుల పోస్త, అంతే," అన్నాడు వాడు.

"చుక్క లేదు, బొట్టు లేదు. చూడండి, మాట్లాడండి, కాళ్లు నొక్కండి."

"గదేంది! మా అక్కకు నేను పొయ్యొద్దా?"

"పొయ్యాలని అంత ఉంటే నాకు పొయ్యండి బాబూ. పొద్దుటినుంచీ ఇక్కడే కాపలా, నోరెండిపోయింది."

వాడికి ఏం చెయ్యాలో తోచక బోండం కొట్టి ఇచ్చాడు. ఆమె వాడి కళ్ల ముందే గటగటా తాగి, ఇంకోటి కొట్టమన్నారు. మంచం మీద నుంచి కౌసల్య నవ్వు వినిపించింది. "తమ్మీ," అంది, "ఆమెతోని... గెలవవు."

ఎక్స్‌రే రోజు తారామణికి సెలవు. అయినా వచ్చింది. దవాఖానాలో అద్దాల గది లోపల తెల్లటి సున్నంలాంటి ముద్ద ఏదో చెంచాతో పెట్టారు. కౌసల్య ముఖం చిట్లించింది. గాజు ఇవతల మేము నిలబడ్డాం. కౌసల్య కళ్లు తారామణిని వెతికాయి. తారామణి తన గడ్డం తాను దించింది. కౌసల్య కూడా దించింది. మింగింది. మళ్లీ మింగింది. టీవీలాంటి పలక మీద ఆ ముద్దే నల్లగా కనిపిస్తూ మెల్లగా దిగి, పక్కకు పోకుండా తన తొవ్వన తాను పోయింది. నాకు చదువు లేదు గాని అది అర్థమైంది. తారామణి వేళ్లు నా భుజం మీద బిగుసుకున్నాయి. అప్పటిదాకా ఆమె భయపడుతోందని నాకు తెలియదు.

గట్టి తిండి సరిగా పోతోంది, పల్చటిది ఇంకా వద్దు అన్నాడు డాక్టరు. కడుపునిండా నోటితో తినడం అలవాటయ్యాక ముక్కు పైపు తీసేయమన్నాడు. కడుపు పైపు ఊసు ఎత్తలేదు.

ముక్కు పైపు తీసిన రోజు ఇంట్లో ఛాయాదేవి గారు, నేను ఉన్నాం. తారామణి పట్టీ విప్పింది. "ఊపిరి బిగవట్టమ్మా," అంది. ఒక్క గుంజు. అంత పొడుగు పైపు ఆమె చేతిలోకి వచ్చేసింది. కౌసల్య ఎడమ చేత్తో ముక్కు తడుముకుంది. ముఖం అంతా తడుముకుంది. ఇంకొకరి ముఖమేమో అన్నట్టు.

మెత్తగా పిసికిన పప్పన్నం గిన్నె ఆమె ముందు పెట్టాను. చెంచా ఆమే తీసుకుంది. తిన్నది. మేము ముగ్గురం ఆమె గొంతు వైపే చూస్తున్నాం. సగం తిని ఆగింది. ఏమైందో అని నేను ముందుకు వంగాను.

ఆమె తారామణి వైపు చూసి అడిగింది. "నువ్ తిన్నవా బిడ్డా?"

మాట పొడిగా, సాఫుగా వచ్చింది.

తారామణి ఎన్నడూ మా ఇంట్లో ముద్ద ముట్టలేదు. డబ్బా తెచ్చుకుని బయట మెట్ల మీద తినేది. "తింటనమ్మా, లాలాపేటల ఇంకో అమ్మ ఎదురు సూస్తున్నది," అంది సంచి సర్దుతూ.

"కూసో."

బండి దగ్గర ఆకలిగా నిలబడ్డవాళ్లతో మాట్లాడినప్పుడు కౌసల్య గొంతు ఇట్లాగే ఉండేది. ఎదురు చెప్పడానికి లేదు. ఛాయాదేవి గారు ప్లేటు తెచ్చారు. తారామణి చేతులు కడుక్కుని మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఆమె ఒక ముద్ద పెట్టుకుంటే కౌసల్య ఒక చెంచా పెట్టుకుంది. ఇద్దరూ అట్లా తింటున్నారు.

నేను పప్పు గిన్నె పట్టుకుని నిలబడ్డాను, ఎవరికి కావలసి వస్తుందోనని.