తూటా పట్టని తుపాకీ

గంగాధర సోమవారం పొద్దున్నే ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరాలి. ఆదివారం మధ్యాహ్నానికి పెనుకొండ పోలీస్ స్టేషన్‌లో బెంచీ మీద ఉన్నాడు. కేసు రాశారంటే ఉద్యోగం గోవిందా.

ఎస్సై సుధాకర్ టేబుల్ మీద ధర్మవరం పట్టుచీర ముక్క విప్పాడు. అందులో గంగాధర ముత్తాత రివాల్వర్. పసుపు, గంధం, కుంకుమ బొట్లతో పెళ్లికూతురిలా ఉంది.

"ఇదే సార్!" హిందూపురం బసవరాజు ఎగిరి లేచాడు. గంగాధర వాళ్లతో ఇతనికి పొలం గట్టు తగాదా. "నిన్న సాయంత్రం నా కారు మీద కాల్చినాడు. తూటాలుండే గుండ్రటి సిలిండరు పక్కకు తీసి, ఖాళీ తూటాలు కింద రాల్చి, మళ్లీ నింపుకున్యాడు. అచ్చం సినిమాలో మాదిరి! ఇవిగో, నేనే ఏరుకొచ్చినా."

ఇత్తడి తొడుగులు టేబుల్ మీద గలగలమన్నాయి.

"ఎలుకను చూస్తే మంచమెక్కేటోడు కారును కాలుస్తాడా?" అంది గంగాధర అవ్వ జయమ్మ. దేవుడి సామాను ఒంటరిగా పోకూడదని పోలీసు జీపులోనే ఎక్కి వచ్చేసింది.

ఎస్సై ఎవరి మాటా వినడం లేదు. పాత తుపాకులంటే ఆయనకు పిచ్చి. ఆ కళ్లలో మెరుపు చూడగానే కానిస్టేబుల్ రూతమ్మ టీ తెస్తానని పారిపోయింది.

"మొదట్లో వచ్చిన రివాల్వర్లకు గుండు నింపాలంటే గొట్టం ఊడబెరకాల. యుద్ధం మధ్యలో ఆ పని చేస్తాంటే శత్రువు నవ్వి నవ్వి చస్తాడు. తర్వాత గొట్టం కింద ఈ మీట వచ్చె. వంచితే గుండు లోపలికి దిగుతాది. కొన్నిటికి సిలిండరు పైన ఏమీ ఉండేది కాదు, కాల్చీ కాల్చీ గొట్టం వదులయ్యేది. అందుకని పైన ఇనుప పట్టీ పెట్టిరి. చూడు, నీ దానికుండాది!"

"నన్ను లాకప్‌లో వెయ్యండి సార్," అన్నాడు గంగాధర నీరసంగా.

"ఆగబ్బా! మందూ గుండూ ఒకే దాంట్లో ఉండే తూటా ఆ తర్వాత వచ్చె. తూటా కోసం సిలిండరు వెనక తెరిచిరి. దీనికి వెనక మూసేసుండాది. ముందర నుంచి మందు పోసి, గుండు దించి, వెనక ఈ మొనల మీద దీపావళి కేపు మాదిరి ఒక్కోటి తగిలిస్తేనే..."

ఎస్సై టక్కున ఆగాడు. ఇత్తడి తొడుగుల వైపు చూశాడు. తర్వాత బసవరాజు వైపు.

"ఏమప్పా, సిలిండరు పక్కకు తీసినాడంటివే. ఏదీ, నువ్వు తియ్యి."

బసవరాజు లాగాడు, తిప్పాడు, మోకాళ్ల మధ్య పెట్టి గుంజాడు. తెల్లచొక్కా నిండా పసుపు. సిలిండరు మాత్రం పక్కకు రాలేదు.

"తుప్పు పట్టినట్టుండాది సార్."

"రాత్రికి రాత్రా? సరే, ఈ తొడుగన్నా దాంట్లో పెట్టు."

పెట్టడానికి వెనక దారే లేదు.

ఎస్సై తుపాకీని తలకిందులు చేసి తట్టాడు. గొట్టంలోంచి కాలిన అగరుబత్తి పుల్లలు గుప్పెడు రాలాయి.

"ఆయుధ పూజకు నేనే గుచ్చుతా," అంది జయమ్మ గర్వంగా. "మా ఇంట్లో పెట్టింది తియ్యం, తుడవం. ఆ మొనల మీది గంధం మా అత్త పూసింది."

"దీంతో మనుషుల్ని చంపలేమవ్వా. దోమల్ని తరమచ్చు." ఎస్సై గొంతు మారింది. "బసవరాజూ, ఈ తొడుగులు నీకు యాడివి?"

బసవరాజు తలుపు వైపు ఉరికాడు. ట్రేతో ఎదురొచ్చిన రూతమ్మను గుద్దుకున్నాడు. వేడి వేడి టీ పసుపు చొక్కా మీద పడేసరికి నిజం దానంతటదే బయటికొచ్చింది. తొడుగులు హిందూపురం పాత సామాన్ల అంగట్లోవి. కారుకు బొక్కలు పెట్టింది డ్రిల్లింగ్ మిషన్.

"పో గంగాధరా, నీ మీద కేసు లేదు," అన్నాడు ఎస్సై. "తుపాకీ మాత్రం పైవాళ్లకు చూపించి ఇస్తా. శుభ్రంగా తుడిచి..."

"తుడిచినావంటే చెయ్యి విరుస్తా," అంది జయమ్మ.

సోమవారం పొద్దున గంగాధర ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడి ఉండగా పక్కనే పోలీసు జీపు ఆగింది.

"గంగాధరా! ట్రిగ్గర్లు ఎట్ల మారినాయో నిన్న చెప్పనే లేదు..."

అప్పుడే వచ్చిన బస్సు ఇంకా ఆగలేదు. గంగాధర పరిగెత్తి ఎక్కేశాడు.