కంచెకు ఇవతల

మా సందుకీ పెద్ద రోడ్డుకీ మధ్య ఇనుప కంచె వేసి ఆరు నెలలైంది. సందుకి అటు చివర కాలవ. కంచె దాటి రోడ్డు మీదికి పోవాలంటే మెట్ల వంతెన ఒక్కటే దిక్కు, ఎక్కడానికే నలభై రెండు మెట్లు. మా అత్తగారిది చక్రాల కుర్చీ. ఒకసారి ఇద్దరు మోయబోతే సగంలో కుర్చీ జారింది. అప్పట్నుంచి మెట్ల మాటెత్తితే ఒప్పుకోదు. వచ్చే నెల కంచె తీసి గోడ కడతారట. ఈలోగా గేటు పెట్టించుకోకపోతే ఇక అంతే సంగతులు.

సందులోవాళ్ళం కౌన్సిలర్‌కి ఉత్తరాలు రాశాం. రాశాం అంటే, టైలరు ఒకటి రాస్తే అందరం దాన్నే దించి సంతకాలు పెట్టాం. "గౌరవనీయులైన" అన్న మాటకే నాకు ఒక పూట పట్టింది. ముప్పై ఎనిమిది ఉత్తరాలు మోసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చాను.

అక్కడి గుమాస్తా పై రెండూ చూసి, కట్టకి రబ్బరు బ్యాండు వేసి, పుస్తకంలో ఒక్క నంబరు రాసింది.

"అదేంటమ్మా, ముప్పై ఎనిమిది కదా?"

"అన్నీ ఒకే ఉత్తరం పెద్దమ్మా. ఒకటి చదివితే చాలు, మిగతావి ఎవరూ తెరవరు. మీ ఇంట్లో ఏం జరుగుతోందో మీరు రాయండి. ఏం కావాలో మొదటే చెప్పండి, ఇంటి నంబరు వేయండి. ఒక పేజీ దాటొద్దు. తిట్లు వద్దు."

అత్తగారికి చెప్పాను.

"తిట్లు లేని ఉత్తరమేంటే, ఉప్పులేని కూర!"

"మీరు చెప్పండి అత్తయ్యా, నేను రాస్తా."

"రాయి. గేటు కావాలి. కంటి డాక్టరు రోడ్డుకి అవతలే ఉన్నాడు. ఆయన పచ్చబోర్డు మా కిటికీలోంచి నాకు కనపడేది. ఇప్పుడు మరకలా ఉంది."

నా చెయ్యి ఆగిపోయింది. "నాతో అనలేదేం?"

"అంటే ఏం చేస్తావు, చంకనేసుకుపోతావా? రాయి."

వారం తిరక్కుండా జవాబొచ్చింది. బుధవారం పదింటికి బాధితులు స్వయంగా ఆఫీసుకి వచ్చి సమస్య వివరించాలట.

చదివి వినిపిస్తే అత్తగారు పడీపడీ నవ్వింది. "రాగలిగితే ఉత్తరం దేనికే?"

ఆ మాటే కాగితం మీద పెట్టి, కింద ఇంటి నంబరు వేసి, మళ్ళీ ఇచ్చొచ్చాను.

బుధవారం పదిన్నరకి కంచెకి అవతల కారాగింది. కౌన్సిలర్ దిగి, చేతిలో ఫైలుతో కంచె పొడుగునా అటొకసారి ఇటొకసారి నడిచాడు. మనిషి కాస్త భారీ.

"లోపలికి దారెటమ్మా?"

"ఆ మెట్లే నాయనా" అంది అత్తగారు, కుర్చీ కంచె దగ్గరకి జరిపించుకుని.

మెడ తుడుచుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. ఇరవయ్యో మెట్టు దగ్గర కమ్మీ పట్టుకుని ఆగాడు. రొప్పుతూ కిందికి, ఆవిడ కుర్చీ వంక చూశాడు.

"తొందర లేదు, నిదానంగా రా నాయనా" అని కేకేసింది అత్తగారు. "మేమెక్కడికీ పోం."