ఉబ్బని సంచి

"ముందు మీ మాస్క్ మీరు ధరించి, తరువాతే పక్కవారికి సహాయం చేయండి," అని మైకులో చదివి, అనూరాధ ఆ తరువాతి వాక్యాన్ని ఎప్పటిలాగే దాటేసింది. కార్డులో అది అక్కడే ఉంది. నడవలో నిలబడి మాస్క్ పసుపు గిన్నెను ముక్కుకు ఆనించి చూపిస్తున్న సీనియర్ ఉషకు తెలుగు అంతంతమాత్రం. ఇక అడిగేదెవరు? పోర్ట్‌బ్లెయిర్ నుంచి విశాఖ వెళ్లే విమానంలో సగంమంది ఫోన్లలో ఉన్నారు, సగంమంది అప్పుడే నిద్రలో ఉన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. వినేవాడే లేకపోతే చెప్పేవాడి బతుకు మరీ లోకువ.

ఆ వాక్యానికో కథ ఉంది. పదకొండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, గాభరాలో కార్డు కనబడక "సంచి ఉబ్బకపోయినా గాలి వస్తాది, తియ్యకండి" అనేసింది. నరసన్నపేటలో బట్టలకొట్టు వెనకింట్లో పుట్టిన మాట, పుట్టినట్టే బయటికొచ్చింది. విమానమంతా గొల్లుమంది. వెనక సీట్లోంచి ఎవడో "వస్తాది, వస్తాది" అని వెక్కిరించాడు. దిగాక పై అధికారి పిలిచి, "ఇది సంత కాదమ్మా" అన్నాడు. అప్పట్నుంచి ఆ వాక్యం ఆమె పెదవి దాటలేదు. మాట మొత్తం మార్చేసుకుంది. ఇప్పుడు ముప్పై ఆరేళ్లు. తల్లితో ఫోన్లో మాట్లాడినా వార్తలు చదివినట్టే ఉంటుంది. "ఎవులితో మాటాడతన్నానో నాకే తెలీట్నేదే" అని సుభద్రమ్మ విసుక్కుని పెట్టేస్తుంది.

మడమల జోళ్లలో పాదాలు వాచి, బిగించి కట్టిన జుట్టుకు నుదురు లాగేస్తున్నా, నవ్వు చెదరనీయకుండా ఆమె నీళ్ల బండి తోసుకుంటూ పన్నెండో వరుసకు వచ్చింది. నడవ పక్క సీట్లో ఓ ముసలాయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ముందుకు వంగి, నోటితో ఊపిరి తీస్తున్నాడు. ఉప్పునీళ్లకు తెల్లబారిన వేళ్లు. తాళ్లు కోసిన గీతలు అరచేతుల నిండా.

"నీళ్లు తీసుకోండి సర్."

"సర్ ఏటి తల్లీ, సోములని పిలు. మాది భావనపాడు. ముప్పయ్యేళ్లు అండమాన్ల బోటు మీదున్నాను. ఇప్పుడీ ఆయాసం. ఓడెక్కితే నాలుగు రోజులు కూకోనేనని మావోలు ఇమానం ఎక్కించినారు." నీళ్లు తాగి, ఆమెను పరకాయించి చూశాడు. "మా ఇంటిది అసిరమ్మ నరసన్నపేటల బస్సు మారి నాకోసం ఇమానాల కాడికి వస్తాది. నీ మొకం సూత్తే మా వొయిపు పిల్లలాగున్నావు. ఏ ఊరు తల్లీ మీది?"

సొంత ఊరి పేరు చెవిన పడింది. అయినా ఆ నోరు మాత్రం, "హైదరాబాద్ సర్," అంది.

ఆయన నవ్వి, మిగిలిన నీళ్లు తాగాడు.

విశాఖ ఇంకో అరగంట ఉందనగా చెవులు దిబ్బడేశాయి. ఎక్కడో ధడేల్మన్న చప్పుడు, ఒక్కసారిగా చలి, పల్చటి పొగమంచు. నెత్తి మీద మూతలు తెరుచుకుని పసుపు గిన్నెలు బిలబిలా వేలాడాయి. ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ మళ్లీ పన్నెండో వరుసకొచ్చిన అనూరాధ బండికి బ్రేకు తొక్కి, ఎదుట ఖాళీగా ఉన్న సీట్లో కూలబడి, అందిన మాస్క్ ముక్కుకు బిగించుకుని బెల్టు పెట్టుకుంది. ముందు నీది నువ్వు పెట్టుకో, విమానం పదివేల అడుగులకు దిగేదాకా లేవకు. అదే రూలు. పైలట్ విమానాన్ని కిందికి దించుతున్నాడు.

నడవకు అటుపక్క సోములు కూడా పెట్టుకున్నాడు. బాగానే పెట్టుకున్నాడు! అంతలో కిందికి చూసుకున్నాడు. మాస్క్ కింది ప్లాస్టిక్ సంచి చప్పగా వేలాడుతోంది. తేలడానికి వలకు కట్టే గాలిబంతిని నొక్కి చూసినట్టు రెండు వేళ్లతో దాన్ని నొక్కాడు. గాలి లేదు. గాలి లేని బంతిని వలకు ఉంచే జాలరి ఎక్కడైనా ఉంటాడా? మాస్క్ తీసేశాడు. మొహానికి అడ్డుపడకుండా, దాని రబ్బరు తాడుతోనే గిన్నెకు కలిసేచోట సంచి మెడకు వలముడి బిగించి వదిలేశాడు.

"మాస్క్ ధరించండి! సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది!" అనూరాధ గిన్నెలోంచే అరిచింది. ఆ హోరులో ఆ పుస్తకం మాటలు ఆమె నోటి దగ్గరే ఉండిపోయాయి. చేత్తో ముక్కు చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. పెదవుల కదలికను బట్టి తెలిసింది: "గాలి నేదమ్మా." నువ్వు మాత్రం తియ్యకన్నట్టు ఆమె మాస్క్ వైపు వేలు చూపించాడు. అయ్యో, ఆ చూపు! తనకు లేకపోయినా పిల్లకు ఉందిలే అన్న నిబ్బరం. పక్క సీటాయన కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. నడవ వెడల్పు రెండడుగులు. నాలుగు నిమిషాలు ఆమె ఆ రెండడుగులూ దాటలేదు. సోములు తల మెల్లగా భుజం మీదికి వాలింది.

విమానం నిలకడపడగానే ఆక్సిజన్ బుడ్డితో ఆయన మీదికి ఉరికింది. ముఖానికి గిన్నె అదిమిపట్టి, "తాతా! సంచి ఉబ్బకపోయినా గాలి వస్తాది తాతా! పీల్సు! మాది నరసన్నపేటే, పీల్సు తాతా!" అంది. పదకొండేళ్లుగా దాచిన మాట ఇప్పుడొచ్చింది. ఎవరూ నవ్వలేదు. గుండె అదుముతూనే విశాఖలో దిగారు. ఎక్కివచ్చిన డాక్టరు రెండు నిమిషాలు నాడి పట్టుకుని, టైము రాసుకోడానికి గడియారం వైపు చూశాడు.

"నీ తప్పేం లేదు. రూలు ప్రకారమే చేశావ్," అంది ఉష ఇంగ్లీషులో, వీపు మీద చెయ్యి వేసి. అందరూ అదే అన్నారు. అదే ఆమెను తినేసింది. తప్పన్న నాథుడు ఒక్కడుంటే కాళ్ల మీద పడి ఏడ్చేది. రిపోర్టు కాగితంలో ఓ ప్రశ్న ఉంది: భద్రతా ప్రకటన అన్ని భాషల్లో పూర్తిగా చదివారా? బయట, అద్దాల అవతల, నీలం చీర కట్టుకున్న ఓ ముసలామె వచ్చే ప్రతి మొహాన్నీ మునివేళ్ల మీద లేచి చూస్తోంది. అనూరాధ అటు వెళ్లలేదు. పెన్ను తీసుకుని 'అవును' దగ్గర గీత పెట్టింది.

తన సంచీ కోసం మళ్లీ విమానం ఎక్కింది. ఊడ్చేవాళ్లింకా రాలేదు. వరుసవరుసకూ మాస్కులు చప్పబడిన సంచులతో వేలాడుతున్నాయి. పన్నెండో వరుసలో, నడవ పక్క సీటు మీద ఒక్కటి మాత్రం, మెడకు వేసిన వలముడి దాటి పోలేక నిలిచిన గాలితో నిండుగా ఉబ్బి ఉంది.