అక్క సరే అంటేనే

కంప్యూటర్ల గుట్టు నాకు తెలిసినంతగా ఈ వీధిలో ఎవరికీ తెలియదు. కాబట్టి మా పక్కింటాయన కథ నేనే చెప్పాలి.

ఆఫీసులో అతన్ని చెవులాయన అంటారు. మానిటరు కట్టేసి, చెంప అరచేతికి ఆనించి, ఎర్రమచ్చ పడేదాకా వింటూ కూర్చుంటాడు. చూపులేనివాళ్ళకు ఫోన్లు చదివి వినిపించే గొంతు ఒకటుంటుంది. ఆ గొంతుకు వెబ్‌సైట్లు సరిగ్గా అందుతున్నాయో లేదో చూడడం అతని పని. ముందు ఉచితంగా దొరికే తనిఖీ టూల్ నడుపుతాడు. తప్పున్నచోట అది ఎర్రగీత పెడుతుంది. ఎలా పెడుతుందని నన్నడక్కండి, మా ఇంట్లో టీవీ రిమోటే నా మాట వినదు.

ఆ పైన పేజీని ఇంట్లో ఉన్న అక్కకు పంపుతాడు. పుట్టుకతో చూపులేని మనిషి. బ్యాంకు పేజీ అయితే కార్డు పోగొట్టుకున్నట్టు, రైళ్ళ పేజీ అయితే బండి కదిలిపోతున్నట్టు వేషం కట్టి మరీ పరీక్షించేది. ఆమె "సరే" అంటేనే పని అయినట్టు.

ఆ రోజు ఆసుపత్రి పేజీ. టూల్ ఒక్క తప్పూ లేదంది. మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, అన్నిటినీ బటన్, బటన్ అనే అంటోంది. అంబులెన్సుకి ఏది నొక్కాలిరా?"

చూస్తే నిజమే. ఎవరో మహానుభావుడు ప్రతి బటనుకూ "బటన్" అనే పేరు పెట్టాడు. పేరంటూ ఉంది కదా అని టూల్ ఊరుకుంది.

"తొందరగా చెప్పరా. ఊపిరాడ్డం లేదు."

"అబ్బో, ఈసారి ఆయాసం కూడానా. కాసేపాగవే, పేర్లు పెట్టి పంపిస్తా."

తిట్టకుండా ఫోను పెట్టే మనిషి కాదు ఆవిడ. ఆ రోజు పెట్టేసింది.

అతను ఒక్కో బటనుకూ పేరు పెట్టాడు, అంబులెన్సును అన్నిటికంటే పైకి తెచ్చాడు, పంపాడు. "సరే" రాలేదు.

"టూల్ ఎప్పుడో ఒప్పుకుంది కదండీ, ఇంకా ఎవరి కోసం?" అన్నాడు మేనేజరు.

"అక్క వినాలండి."

సాయంత్రం తలుపు తీసేసరికి ఆమె కుర్చీలోనే ఉంది. తల పక్కకు వాలిపోయింది. ఒళ్ళు చల్లబడింది. వేలు మాత్రం ఫోను మీదే ఉంది. ఒక ఇయర్‌ఫోను చెవిలో, రెండోది ఒడిలో. ఒడిలోది సన్నగా, "అంబులెన్సు, బటన్... అంబులెన్సు, బటన్" అంటూనే ఉంది.

ఇప్పటికీ ఏ పేజీ పూర్తయినా అతను అక్క నంబరుకే పంపి, మానిటరు కట్టేసి కూర్చుంటాడు.

అన్నట్టు, ఆ ఇయర్‌ఫోను మాట్లాడిందన్నది నా కల్పన. కొత్త పేర్లు ఆమె చెవిన పడ్డాయనుకుంటే మీకూ నాకూ కాస్త నిద్ర పడుతుందని. అతను చెప్పిందాంట్లో అది ఆమె ఒడిలో చప్పుడు లేకుండా పడి ఉంది.